దక్షిణాపథమున వధూలంకారము

దక్షిణ భారతమున దేవతలకు ఏటేట పెండ్లి జరుగును. చిత్తిరై మాసమున మధురలో మీనాక్షీ సుందరేశ్వరులకు, శ్రీరామనవమినాడు భద్రాచలమున సీతారాములకు, తిరుమలలో ఇంచుమించుగా నిత్యమును శ్రీనివాసునకు కల్యాణము చేయుదురు. ఆ పెండ్లిలో కన్యాదానము కలదు, మాంగల్యధారణము కలదు, తలంబ్రాలు కలవు. అన్నిటికంటె ముందు పెండ్లికూతురి సింగారము కలదు. అమ్మవారి ఉత్సవమూర్తికి తిరుమంజనము చేసి, పట్టుపుట్టము కట్టి, పూలజడ అమర్చి, పాపటకు నగలు దిద్ది, నుదుట తిలకముంచి మండపమునకు తెత్తురు. అదే ఆలయ ప్రాంగణమున మరొక మూలను ఎవరో సామాన్యుల యింటి పిల్లకు పెండ్లి జరుగుచుండును. ఆ పిల్లను చూచినవారికి అమ్మవారి రూపమే మరల కన్నులకు కట్టును. పాపటకు కుడియెడమల సూర్యచంద్రుల బిళ్ళలు, జడపై నాగరము, దండలకు వంకీలు, నడుమున ఒడ్డాణము: అచట గర్భగుడిలో ఏమి కలదో ఇచట పందిటిలో అదియే కలదు.

ఈ పోలిక యాదృచ్ఛికము కాదు. అయితే ఎవరిని చూచి ఎవరు అలంకరించుకొనిరి అను ప్రశ్నకు సమాధానము మాత్రము మనము తలచినంత సులభము కాదు. వధువు దేవిని అనుకరించినదని పెద్దలు చెప్పుదురు. దేవికి తొడిగిన నగలు ఒకప్పటి రాణులు తొడిగినవే యని శాసనములు చెప్పుచున్నవి. ఈ యిరువురి నడుమ మూడవ స్త్రీ ఒకతె కలదు. ఆలయసేవకు అంకితమై, దేవుని భార్యగా ఎన్నబడి, అదే అలంకారమును శతాబ్దుల కాలము ధరించిన స్త్రీ ఆమె. ఆమెను విడిచినచో ఈ కథ అతుకదు. ఆ మువ్వురి చరిత్రను కాలక్రమమున పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మనకు దొరకిన దక్షిణాది వివాహవర్ణనలలో మిక్కిలి ప్రాచీనమైనవి తమిళ సంగమ సాహిత్యములో కలవు. అగనానూఱు అను సంకలనమున 86వ పద్యమును, 136వ పద్యమును పెండ్లిని వర్ణించుచున్నవి. చంద్రుడు రోహిణితో కూడిన శుభవేళ. పందిరి క్రింద క్రొత్త యిసుక పరచిరి. బిడ్డలను కన్న ముత్తయిదువలు పూలును ధాన్యమును కలిపిన నీటితో వధువునకు స్నానము చేయించి దీవించిరి. ఆమెకు కోడివస్త్రము కట్టిరి. రెండవ పద్యమున దిరిసెన ఆకును, గరికమొగ్గను చేర్చిన తెల్లనూలును ఆమెకు చుట్టుట కనిపించును. అంతియే. అగ్నిహోత్రము లేదు, మెడలో బంగారు తాళి లేదు. తాళి యను మాట ఆనాడు లేకపోలేదు. కాని అది పసిబిడ్డల మెడలో రక్షకై కట్టు తాయెత్తునకు పేరు. పులిగోరువలె పులిపంటిని కూర్చిన తాళి బాలుర మెడలో నుండెడిది. పిల్లల రక్షాబంధముగా నుండిన ఆ పేరు తరువాతి కాలమున భార్యకు రక్షాబంధమైనది.

ఆ కాలపు మరొక ఆచారము నేటివారికి వింతగా తోచును. పెండ్లికి ముందు కన్యక కాలి అందెలను తీసివేయు వేడుక యొకటి ఉండెడిది. బాల్యమంతయు మ్రోగిన అందె ఆ దినమున తొలగిపోవును. తల్లి తన కూతురి పాదములనుండి ఆ అందెలను తీయు భాగ్యము తనకు దక్కలేదే యని దుఃఖించుటను సంగమ కవులు వర్ణించిరి, ఏలయన ఆ కూతురు అప్పటికే ప్రియునితో వెడలిపోయినది. వధూలంకారము ఒకనాడు నగ తొడుగుటతో గాక నగ తీయుటతో ఆరంభమైనదని దీనివలన తెలియుచున్నది. మనము సనాతనమని తలచు సింగారము ఒక్క దినమున పుట్టినది కాదనుటకు ఇంతకంటె సాక్ష్యము వేరు అక్కరలేదు.

చోళుల కాలమునకు వచ్చుసరికి చిత్రము మారినది. దేవాలయము ఊరి మధ్యమున వెలసినది. దేవునకు ఇల్లు, భార్య, పరివారము, ధనాగారము ఏర్పడినవి. తిరువెంకాడులో లభించి ఇప్పుడు తంజావూరు చిత్రశాలలో నున్న కల్యాణసుందరుని కంచువిగ్రహము 11వ శతాబ్ది ఆరంభమునకు చెందినది. శివుడు పార్వతి కుడిచేతిని పట్టుకొనియున్నాడు. ఆమె తల కొంచెము వంచి, చూపు క్రిందికి దించి నిలిచియున్నది. సిగ్గును లోహమున పోతపోసిన శిల్పి మరొకడు లేడని చూచినవారు అందురు. ఆమెకు కిరీటము, కంఠమున హారములు, భుజములకు కేయూరములు, నడుమున మేఖల, పాదములకు నూపురములు కలవు. రవికె లేదు. ముక్కున నగ లేదు. నేడు ముక్కుపుడక లేని వధువును మనము ఊహింపనైన లేము. వేయి సంవత్సరముల క్రిందటి జగన్మాత పెండ్లికి అది అక్కర లేకపోయినది.

కంచుమూర్తి నిరాభరణముగా నుండలేదు. పోతలో వచ్చిన నగలపై మరల బంగారు నగలు తొడిగెడివారు. వాని లెక్కలు రాజరాజచోళుడు కట్టించిన తంజావూరు బృహదీశ్వరాలయపు గోడలపై చెక్కబడియున్నవి. ఆలయము 1010 ప్రాంతమున పూర్తియైనది. రాజును, ఆయన అక్క కుందవైయును, రాణులును సమర్పించిన ఆభరణములను ఆ శాసనములు ఒక్కొక్కటిగా పేర్కొనును. ఒక్కొక్క హారమున ముత్యములు ఎన్ని, అవి గుండ్రనివా, మెరుగు తగ్గినవా, కెంపులెన్ని, వజ్రములెన్ని, దారమును లక్కయు విడిచి తూకమెంత: ఇన్ని వివరములు నేటి నగల దుకాణపు చిట్టాలో సైతము ఉండవు. బంగారమును తూచుటకు ఆడవల్లాన్ అను పేరుగల రాయిని వాడిరి. ఆడవల్లాన్ అనగా నాట్యకోవిదుడు, అనగా నటరాజు. తూకపు రాతికి సైతము దేవుని పేరే. కుందవై స్వయముగా ఉమాపరమేశ్వరి విగ్రహములను ప్రతిష్ఠింపజేసి నగలు సమర్పించినది. రాచకన్య తాను మెచ్చిన నగలను అమ్మవారికి తొడిగినది. కావున దేవి అలంకారమునకు నమూనా స్వర్గమునుండి దిగినది కాదు, అంతఃపురమునుండి వచ్చినది.

ఆ గోడలపైననే మరొక పట్టిక కలదు. చోళదేశమునందలి పలు ఆలయములనుండి 400 మంది స్త్రీలను రప్పించి రాజరాజు ఆ గుడిచుట్టును వీధులు కట్టించి నివసింపజేసెను. ఏ వీధి, ఏ వరుస, ఎన్నవ యిల్లు, ఏ ఊరి గుడినుండి వచ్చినది, ఆమె పేరేమి యని వరుసగా చెక్కించెను. ఒక్కొక్కతెకు ఒక యిల్లును, ఏటికి 100 కలముల వడ్లు ఒక భాగముగను ఏర్పడెను. దేవుని నగలను ముత్యము ముత్యముగా లెక్కించిన శాసనమే ఈ స్త్రీలను పేరు పేరున లెక్కించినది. 1891 మొదలు ఈ శాసనములను హుల్ట్‌ష్ పండితుడు ప్రకటించెను. వేయేండ్లనాటి రాజకుమారుల పేర్లు పెక్కు మనకు తెలియవు గాని, ఆ నాలుగువందల మంది పేర్లు నేటికిని రాతిపై చదువవచ్చును.

శైవమున ఇట్లుండగా వైష్ణవమున వధువే కవయిత్రియై నిలిచినది. శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ తన నాచ్చియార్ తిరుమొళిలో రంగనాథునితో తనకు జరిగిన పెండ్లిని కలగా చెప్పుకొన్నది. వేయి ఏనుగుల ఊరేగింపుతో మొదలగు ఆ దశకమును తమిళ వైష్ణవుల యిండ్లలో నేటికిని పెండ్లిలో పఠించుదురు. తన మెడలో వేసికొని చూచుకొన్న దండను దేవునికి పంపిన ఆ పిల్ల కథను కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెనుగున రచించెను. ప్రసాదము దేవునినుండి భక్తునికి దిగుట లోకరీతి. ఇచట పెండ్లికూతురు ధరించినదే దేవునికి ప్రసాదమైనది. శ్రీవిల్లిపుత్తూరునుండి ఆండాళ్ ధరించిన మాల తిరుమల బ్రహ్మోత్సవములకు నేటికిని వచ్చుచున్నది. తల ప్రక్కకు ఒరగ వేసిన ఆమె కొప్పును అయ్యంగార్ల వధువులు పెండ్లినాడు పెట్టుకొందురు. తలకట్టులో ఒక కవయిత్రి జ్ఞాపకము నిలిచిన దేశము మరియొకటి కలదో లేదో!

విజయనగర కాలమున వధువు సింగారము మొదటిసారిగా మనకు రంగులలో కనిపించును. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు లేపాక్షిలో వీరభద్రాలయమును విస్తరింపజేసిరి. దాని మండపముల కప్పులపై చిత్రించిన కథలలో పార్వతీ కల్యాణమొకటి. చెలికత్తెలు పార్వతిని అలంకరించుచుందురు. వారి చీరల గళ్ళు, చారలు, పూవుల అంచులు ఆనాటి నేతకు అద్దము పట్టుచున్నవి; నల్లని కొప్పులు పెద్దవై, పూలతో నిండి, మెడప్రక్కకు వ్రేలుచున్నవి. ఆలయపు వెనుకభాగమున శివపార్వతుల పెండ్లికై తలపెట్టిన కల్యాణమండపము మాత్రము పూర్తికాలేదు. స్తంభములపై దేవతలు పెండ్లికి వచ్చి నిలిచియున్నారు, పైకప్పు లేదు.

అంతకు కొలది యేండ్ల ముందే విజయనగరమును చూచిన పోర్చుగీసువాడు డొమింగో పాయెస్ మహర్నవమి ఉత్సవమున రాణుల పరిచారికలను వర్ణించెను. వారు ధరించిన బంగారము, రత్నములు ఎంత బరువనగా, ఆ బరువునకు తాళలేక యున్నవారిని ప్రక్కనున్న స్త్రీలు చేతులు పట్టి నడిపించిరట. ఆ సంపదను కొనియాడువారు కొందరు. ఆ బరువును తలచి నిట్టూర్చువారు కొందరు. ఈ రెండు భావములును వధూలంకార చరిత్రలో కడవరకు వెంటవచ్చును.

ముక్కుపుడక సంగతి ఇచట చెప్పదగినది. అమరావతి శిల్పములలో గాని, అజంతా చిత్రములలో గాని, చోళుల కంచుబొమ్మలలో గాని ఆ నగ కనరాదు. ప్రాచీన సంస్కృత వాఙ్మయమున దానికి ప్రసిద్ధమైన పేరైన లేదు. 1938లో పి. కె. గోడే పండితుడు ఈ విషయమును చర్చించి, హిందూ స్త్రీల ముక్కునగ మధ్యయుగమున ప్రవేశించినదని సాక్ష్యములు చూపెను. వచ్చిన పిదప అది మన యింటిదే యైపోయినది. ముక్కెర, బేసరి, బులాకీ, నత్తు అని దానికి ఎన్ని ముద్దుపేర్లు! కన్యాకుమారి అమ్మవారి మహిమ నేడు ఆమె వజ్రపు ముక్కుపుడకలోనే యున్నదని జనులు నమ్ముదురు. శుచీంద్రమునుండి శివుడు పెండ్లికై తరలివచ్చుచుండగా నారదుడు కోడివలె కూసెననియు, తెల్లవారినదని తలచి వరుడు మరలిపోయెననియు, వండిన పెండ్లి బియ్యము కడలియొడ్డున ఇసుకరేణువులైనవనియు స్థలపురాణము చెప్పును. నాటినుండి ఆమె సర్వాభరణములతో నిత్యకన్యయై సముద్రము చెంత నిలిచియున్నది. పరదేశమునుండి వచ్చిన నగను మన పురాణములోని వధువు ముఖమున నిలుపుకొన్నాము. పరాయిదానిని తనదిగా చేసికొనుటయే సంప్రదాయపు జీవశక్తి.

ఇక పెండ్లినాటి సింగారమును వరుసగా చూతము. ఆరంభము పసుపుతో. తెలుగునాట నలుగు పెట్టి మంగళస్నానము చేయించుదురు. పసుపునకు సున్నము తగిలిన ఎరుపెక్కును. పసుపులోని వర్ణద్రవ్యము క్షారముతో కలిసినపుడు రంగు మారుటయే దానికి కారణము. ఈ చిన్న రసాయన రహస్యమే పెండ్లి యలంకారమున సగము భాగమును నడిపినది. వధువు పాదములకు దిద్దు పారాణి పసుపు సున్నముల కలయికయే. మంగళహారతి పళ్ళెములోని ఎర్రనీరును అదియే. నుదుటి కుంకుమయు పసుపుకొమ్ములనుండియే పుట్టును. ఒక్క దుంపలోనే కన్యకు పచ్చదనమును, ముత్తయిదువకు ఎర్రదనమును మన పెద్దలు కనుగొనిరి. కాటుకకు ఆముదపు దీపము పొగ, అరచేతులకు గోరింటాకు, నుదుట కల్యాణతిలకము, దృష్టి తగులకుండ బుగ్గను చుక్క. తెలుగు, కన్నడ దేశములలో వధూవరుల నుదుట బాసికము కట్టుదురు. ఆ కట్టుతో వారు ఆ పూటకు లక్ష్మీనారాయణులు.

జడ యొక గ్రంథమంత విషయము. నడినెత్తిన రాగిడి, దాని క్రింద చంద్రవంక, తరువాత నాగరము, అటుపై మొగ్గలవలె జడబిళ్ళలు, చివర జడకుప్పెలు. పాము పడగ నెత్తిన, తోక నడుము క్రింద. మొగలిరేకులు దొరకు కాలమున వానిని మడిచి జడలో కుట్టెడివారు, లేకున్న మల్లెమొగ్గలు. మధుర మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించినది. పెండ్లిజడలు ఆ పంటకు నమ్మకమైన గిరాకి. పాపటకు మధ్య పాపిడిబిళ్ళ, ఇరువైపుల చేర్లు, కుడి సూర్యుడు, ఎడమ చంద్రుడు. చెవులకు కమ్మలు, జుమికీలు. ఆ బరువు మోయుటకు చెవినుండి జుట్టునకు మాటీలు. కంఠమున అడ్డిగ, దిగువ కాసులపేరు. చేతులకు గాజులు; వానిని తొడుగుటకు గాజుల మల్లారము తెచ్చువారిని పిలుతురు. కాలివ్రేళ్ళకు మట్టెలు, పాదములకు గొలుసులు. బంగారము లక్ష్మి గావున మానవ వధువు నడుము క్రింద వెండినే ధరించును. అమ్మవారి పాదములకు మాత్రము బంగారు అందెలు తొడుగుదురు. దేవికిని మానవికిని నడుమ మన ఆచారము గీచిన సన్నని గీత ఇది.

వస్త్రమున ప్రాంతభేదము కలదు. తమిళదేశమున తాళి కట్టు వేళకు కూరైపుడవ కట్టుదురు; మయిలాడుదురై చెంతనున్న కూరైనాడు దాని పుట్టినిల్లు గనుక ఆ పేరు వచ్చినది. కాంచీపురపు పట్టు నేడు దానిని దాదాపు మించినది. తెలుగువారి వధువు తెల్లని మధుపర్కములలో పీటలపై కూర్చుండును. కేరళమున గురువాయూరు గుడియెదుట మండపమున జరుగు పెండ్లిలో జరీ అంచు నేతబట్టయు, కొలది నగలును, మల్లెలును చాలును. వివాహము కొలది నిమిషములలో ముగియును. తాళి రూపము సైతము కులమునకొక తీరు, ఊరికొక తీరు. తెలుగువారికి పుట్టినింటిదొకటి, మెట్టినింటిదొకటి, రెండు బొట్లు. భద్రాచలమున సీతమ్మకు మూడు: జనకునిది, దశరథునిది, మూడవది రామదాసుది. బందిఖానాపాలైన ఆ భక్తుడు దేవికి తండ్రివంటివాడని తెలుగువారు ఆ మూడవ సూత్రముతో ఒప్పుకొనిరి.

ఈ నగలను చేయు చేతుల మాట చెప్పవలెను. నాగర్‌కోయిల్ పట్టణమునందలి వడశేరి ఆలయాభరణములకు పేరుపొందినది. ఆ ప్రాంతము 1956 నవంబరు 1వ తేదీ వరకు తిరువాన్కూరు-కొచ్చి రాష్ట్రపు నేలలోనిది. అచటి కంసాలులు వెండితో గూడు కట్టి, దానిలో లక్క నింపి, ఎర్రరాళ్ళు కూర్చి, అంచుల వెంట బంగారు రేకును ఒత్తి పట్టింతురు. బరువు తక్కువ, మెరుగు ఎక్కువ. నూనెదీపపు వెలుతురున అది ఎర్రగా రగులును. విద్యుద్దీపముల క్రింద ఆ కాంతి కొంత పలుచబడును. గర్భగుడి చీకటికొరకు పుట్టిన నగ అది. భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులలో అదియు నేడు చేరినది.

ఆ నగలను దేవి తరువాత ధరించినవారు ఆలయ నర్తకులు. వారిని నిత్యసుమంగళులనిరి. దేవునికి మరణము లేదు గావున ఆయన భార్యకు వైధవ్యము లేదు. అందుచేత గృహస్థుల యిండ్ల పెండ్లిలో తాళినూలును సిద్ధపరచుటకు, దానిలో తన మెడలోని పూసలు కొన్ని చేర్చుటకు ఆమెను పిలిచెడివారు. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ సంపుటములలో ఈ ఆచారము నమోదైయున్నది. ఊరి పెండ్లికూతురి మాంగల్యమున దేవదాసి పూస ఒకటి ఉండవలెను; ఆ దేవదాసి మాత్రము ఊరి కోడలు కారాదు. ఆమె శుభము కావలెను గాని ఆమె పొత్తు వలదు.

ఈ శుభభావనకు మరుముఖము వితంతువు. మండపమున వధువునకు ఏయే వస్తువులు వేడుకతో తొడిగిరో, భర్త పోయిన నాడు వానినే బలవంతముగా తీసిరి. గాజులు పగులగొట్టిరి, బొట్టు తుడిచిరి, కొన్ని కులములలో తల గొరిగించిరి. పసిపిల్లలకు పెండ్లి చేయు కాలమున ఆ తీయించుకొన్నవారిలో బాలికలెందరో ఉండిరి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము మొదటి వితంతువివాహమును జరిపించినపుడు ఆ వధువు నుదుట దిద్దిన బొట్టు కేవలము సింగారము కాదు. తీసికొనిపోయినదానిని తిరిగి యిచ్చుట.

ఆలయమున మరియొక విధమైన పెండ్లియు జరిగెడిది. ఎనిమిదేండ్ల, పదేండ్ల బాలికను వధువువలె అలంకరించి, దేవుని సన్నిధిని బొట్టు కట్టెడివారు. పసుపు, పారాణి, పూలజడ, వంకీలు అన్నియు నుండెను. వరుడు మాత్రము రాతిలో నుండెను. దేవాలయ వివాహమను మాటకు ఒకప్పుడు ఇదియు నొక అర్థము. ఆమెకు భూమియు, విద్యయు, సంగీతమును లభించినవనుట సత్యము. తన యిష్టమెవ్వరును అడుగలేదనుటయు సత్యమే. రాజాశ్రయము సన్నగిల్లిన కొలది భూమి చేజారినది, ధనికుని ప్రాపు మిగిలినది.

దీనిని అంతమొందింపవలెనని పోరాడినవారిలో ముత్తులక్ష్మీరెడ్డి ప్రముఖురాలు. పుదుక్కోటలో 1886లో జన్మించిన ఆమె తల్లి ఆ కులమునుండి వచ్చినదే. మద్రాసు శాసనమండలిలో ఆమె ఆరంభించిన యత్నము 1947లో దేవదాసీ అంకిత నిరోధక చట్టముగా ఫలించినది. అదే కులమున పుట్టిన మూవలూరు రామామృతమ్మ 1936లో నవల వ్రాసి ఆ వ్యవస్థను ఎండగట్టినది. వారికి ఎదురుగా నిలిచినవారిలో బెంగుళూరు నాగరత్నమ్మ ఒకతె. దుర్నయమును శిక్షింపుడు గాని మా విద్యను, మా ఆస్తిహక్కును తుడిచివేయకుడనుట ఆ పక్షపు వాదము. తంజావూరు ప్రతాపసింహుని కొలువునందలి ముద్దుపళని కావ్యమును 1910లో పరిష్కరించి ప్రకటించిన ధీర ఆమె. ప్రభుత్వము నిషేధించిన ఆ కావ్యమునకు 1947లో టంగుటూరి ప్రకాశము మంత్రివర్గము విముక్తి కలిగించినది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టుటకు నాగరత్నమ్మ తన నగలను, తన ధనమును వెచ్చించినది. దేవునికై ధరించిన నగలు ఒక తెలుగు వాగ్గేయకారుని గుడికి రాళ్ళుగా మారినవి. ఆడువారు పాడరాదన్న సన్నిధిని ఆమె తానే నిర్మించి, అచట స్త్రీలచేత పాడించినది.

చట్టముతో గుడిలోని నృత్యము ఆగినది. దానికి ముందే 1935లో రుక్మిణీదేవి అడయారున రంగమెక్కి, మరుసటి ఏట కళాక్షేత్రమును స్థాపించినది. దాసియాట్టము భరతనాట్యమైనది. ఆ రంగస్థలమునకు తగిన వేషమును ఆలయశిల్పములను చూచి ఆమె తీర్చిదిద్దినది. వడశేరి కంసాలుల చేతికి క్రొత్త పని దొరకినది: సూర్యచంద్రుల బిళ్ళలు, నాగరము, వంకీ, ఒడ్డాణము ఇప్పుడు నాట్యము నేర్చు ఇల్లాండ్రకు, కన్యలకు కావలసివచ్చినవి. రంగస్థలమునుండి అవి పెండ్లిపీటలకు నడిచినవి. నేడు వధువును అలంకరించుటకు వచ్చు నిపుణురాలు తన పెట్టెనుండి తీయు ‘టెంపుల్ జ్యువెలరీ’ ఈ మార్గముననే వచ్చినది. చెప్పుకొనునపుడు మాత్రము అమ్మవారి నగలని చెప్పుకొందుము. నడుమ వేయేండ్లు వానిని మోసినవారి పేరు ఎవ్వరును ఎత్తరు.

ఇచట కొందరు సందేహింపవచ్చును. దుఃఖముతో కూడిన గతమును పెండ్లివేళ తలచుట శుభమా యని. 1967లో మద్రాసు రాష్ట్ర శాసనసభ వివాహచట్టమును సవరించి, తాళియైనను లేని స్వాభిమాన వివాహములకు చట్టబద్ధత కల్పించినది. అలంకారమును పూర్తిగా త్యజించుట ఒక మార్గమని ఆ ఉద్యమమువారు తలచిరి. వారి కోపమునకు కారణము లేకపోలేదు. కాని కోట్లమంది ఆడపిల్లలు ఆ సింగారమును నేటికిని ఇష్టముతో కోరుచున్నారు. ఆ కోరికను మూఢత్వమని తీసివేయుట న్యాయము కాదు. చూడగా, ఈ అలంకారములో ఏ భాగమును మొదటినుండి ఉన్నది కాదు. సంగమ కాలపు పూలనీటి స్నానము, చోళ రాణుల కేయూరములు, ఆండాళ్ కొప్పు, మధ్యయుగపు ముక్కుపుడక, వడశేరి ఎర్రరాళ్ళు, నిన్నటి రంగస్థలపు పాపిడిబిళ్ళ ఒకే ముఖముపై ఒకే దినమున కలిసినవి. మారుటయే దీని స్వభావమైనపుడు ఇకముందును మారవచ్చును. వైధవ్యభయము దానినుండి తొలగిపోవచ్చును, తొలగుచున్నది. అడుగక కట్టిన బొట్టు చట్టముచే తొలగినది. కూతురి బరువునకు సమానముగా బంగారము కోరు దురాశయు ఒకనాడు తొలగవలెను.

మధురలో మీనాక్షీ కల్యాణము ముగిసిన క్షణమున వేలకొలది స్త్రీలు తమ మెడలోని పాత తాళినూలును తీసి క్రొత్త పసుపునూలు కట్టుకొందురు. 17వ శతాబ్దిలో తిరుమలనాయకుడు మాసి మాసపు ఉత్సవమును చిత్తిరైకి మార్చి ఆ వేడుకకు నేటి వైభవమును కల్పించెనని ప్రసిద్ధి. బొట్టు పాతదే, దారము క్రొత్తది. ఏటేట దారమును మార్చనిచో బొట్టు జారిపోవునని ఆ స్త్రీలకు తెలియును. సంప్రదాయమును నిలుపుటకు వారికంటె మంచి ఉపాయము పండితులకు తెలిసినట్లు లేదు. అట్లే ఆ నూలును ఒకనాడు పేనిన చేతులను, ఆ నాలుగువందల యిండ్లలో నివసించినవారి వారసురాండ్రను, మన పెండ్లిపాటలలో ఒక్క మాటతోనైనను తలచుట మనకు తగును. శాసనము వారి పేర్లను రాతిపై భద్రపరచినది. వానిని చదువుట మాత్రమే మన వంతు.